గుల్జార్ బేగం ఏరిన రంగులు

అమానుల్లాకు ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా కనిపిస్తాయన్న సంగతి ఇద్దరికే తెలుసు, అతనికీ, భార్య గుల్జార్ బేగానికీ. గుంటూరులో అతను రంగురాళ్లు కోసి, పువ్వులూ తీగలూ పొదిగి నేలలు వేసే మేస్త్రీ. పెళ్లయిన కొత్తలో ఒక ఇంట్లో ఎర్రపువ్వు వేయాల్సిన చోట ఆకుపచ్చ పువ్వు వేసి తిట్లు తిన్నాడు. అప్పటినుంచి ఇరవై రెండేళ్లుగా ప్రతి పనికీ గుల్జార్ వెంట వెళ్తోంది. ఆమె రాళ్లు ఏరి వరసగా పేరుస్తుంది, అతను అతికిస్తాడు.

నిరుడు తాడేపల్లిలో ఒక మిర్చి వ్యాపారి కొత్త ఇంటికి పిలిచారు. ప్లాను గీసిన బిందుమాధవి ట్యాబ్‌లో ఫొటో చూపించింది.

"రెండు వేల ఏళ్ల కిందట రోమ్‌లో డబ్బున్నవాళ్లు నేలకీ గోడలకీ ఇలా వేయించుకునేవాళ్లండి. ఊదా రాయి ఈజిప్టు ఎడారి నుంచి, పసుపుది ఆఫ్రికా నుంచి, ఆకుపచ్చది గ్రీసు నుంచి ఓడల్లో తెప్పించేవాళ్లు. మన హాల్లో అచ్చం ఇలాగే రావాలి."

పసుపూ, ఆకుపచ్చా రాజస్థాన్ రాళ్లతో కుదిరాయి. ఊదా కుదరలేదు. షాపులో చూపించినవన్నీ గుల్జార్ తడిపి చూసి పక్కన పెట్టింది. చివరికి పిడుగురాళ్ల దగ్గర ఒక క్వారీలో, పనికిరావని పారేసిన కుప్పలో దొరికింది. మూడు రోజులు ఎండలో కూర్చుని ఒకే ఛాయవి ఏరింది. పని ఐదు నెలలు పట్టింది. పాలిష్ అయ్యాక నేలను కడిగిన రోజు ఆమె దాన్ని చూస్తూ అక్కడే కూర్చుండిపోయింది.

గృహప్రవేశం నాడు యజమాని అమానుల్లాకు శాలువా కప్పాడు.

"ఛాయలు ఇంత బాగా ఎలా కలిపావయ్యా?" అని ఒక పెద్దమనిషి అడిగాడు.

"అల్లా ఇచ్చిన కన్నండి," అన్నాడు అమానుల్లా. పక్కనే ఉన్న గుల్జార్ వైపు చూడలేదు.

తిరుగు ఆటోలో ఆమె అడిగింది. "నా పేరు చెప్తే మీకేం పోయేది?"

"చెప్తే నాకు రంగులు తెలీవని బయటపడదా? రేపు పని ఎవరిస్తారు?"

"ఏరింది మా ఆవిడ అంటే సరిపోయేది. మీ కన్ను సంగతి ఎవరడిగారు?"

అతను శాలువా మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

తాడేపల్లి పనికి వచ్చిన పేరు మీదే గుంటూరులో ఒక డాక్టరుగారింట్లో గోడ పని వచ్చింది. గుల్జార్ వెళ్లలేదు. అతనూ రమ్మనలేదు. షాపు నుంచి వచ్చిన రాళ్ల పెట్టెల మీద రంగుల పేర్లు చూసి అతికించాడు. పెట్టెల్లో ఎరుపూ ఆకుపచ్చా రాళ్లు కలిసిపోయి ఉన్నాయని అతనికి తెలియలేదు. నాలుగో రోజు డాక్టరు గోడంతా పీకించాడు.

"నలుగురిలో నవ్వులపాలు చేశావు," అన్నాడు అమానుల్లా ఇంటికొచ్చి.

"నేను ఇంట్లోనే ఉన్నాగా," అంది గుల్జార్.

మర్నాడు ఆమె బిందుమాధవి ఆఫీసుకు వెళ్లింది. "తాడేపల్లి నేలకి రాళ్లు ఏరింది నేనేనండి. నాకేదైనా పని ఇప్పించండి."

బిందుమాధవి శ్రద్ధగానే విన్నది. "మీ మాట నమ్ముతానండి. కానీ ఆడమనిషి మేస్త్రీ అంటే ఓనర్లు ఒప్పుకోరు. ఆయన్ని తీసుకురండి, మీరు పక్కన ఉందురుగాని."

రెండు నెలలు ఇద్దరూ ఖాళీగా ఉన్నారు. తర్వాత ఒంగోలులో పని వస్తే కలిసే వెళ్లారు. ఇప్పుడు అమానుల్లా పొద్దున్నే లేచి ఆమెకు టీ పెడతాడు, మెత్తగా మాట్లాడతాడు. ఆ మెత్తదనం చూస్తే గుల్జార్‌కి ఒళ్లు మండుతుంది. ఏరింది మా ఆవిడ అని, నలుగురిలో ఆ ఒక్క మాటా అతను ఇంకా అనలేదు. అనడని ఆమెకు తెలుసు.