పదకొండు మందిని క్షమించిన పాపం

క్షమాగుణం మీద వ్యాసం రాసి, ఒకే వారంలో భార్యనూ మామనూ మైదుకూరు బజారులో సగాన్నీ దూరం చేసుకున్న మొనగాణ్ని నేనే. నవ్వుకోండి. ఎవరెవరు నవ్వారో మాత్రం గుర్తుపెట్టుకుంటాను.

రెండువేల నాలుగు ప్రాంతం. ఐరోపాలో ఒక సాహిత్య సంస్థ వ్యాసరచనకు బహుమతి ఇస్తోందని, ఏ దేశంవాళ్లయినా రాయవచ్చని, అంశం 'క్షమ' అని పేపర్లో చూశాను. గెలిస్తే విమానం టికెట్టు కూడా పంపుతారట. నా అంత క్షమించినవాడు ఐరోపా మొత్తంలో ఉండడని మా బట్టల కొట్లో కూర్చునే తేల్చేశాను.

ఉదాహరణలు లేని వ్యాసం ఉప్పులేని సంగటి. అందుకని నేను క్షమించిన పదకొండు మంది పేర్లూ, వాళ్ల నేరాలూ, తేదీలతో సహా రాశాను. మొదటి ముద్దాయి మా మామ. నా పెళ్లి భోజనాల్లో బొబ్బట్లు వడ్డిస్తూ, నేను రెండో ఓళిగ అడిగితే వినబడనట్టు పక్క విస్తరికి వెళ్లిపోయాడు.

ఇంగ్లీషులోకి మార్పించడానికి, కడప కలెక్టరాఫీసు ఎదుట అర్జీలు టైపు చేసే జిలానీ సాబ్ దగ్గరికి వెళ్లాను. నా ఫిర్యాదులన్నీ ఆయన చేతిమీదుగా పోయినవే.

"నకళ్లు ఎవరెవరికప్పా?" అన్నాడు అలవాటుగా.

"దీనికి గూడా నకళ్లా?"

"నకళ్లు లేని కాగితాన్ని ఎవరు చూస్తారప్పా? ఇందులో ఇంతమంది పేర్లుండాయి గదా, వాళ్లకే పంపు."

సబబే అనిపించింది. క్షమించిన సంగతి వాళ్లకూ తెలియాలి కదా. ఐరోపాకు ఇంగ్లీషు ప్రతి, ఊళ్లోవాళ్లకు తెలుగు నకళ్లు, అన్నీ రిజిస్టరు పోస్టులో పంపాను.

మూడో రోజు మామ రాయచోటి నుంచి కాగితం పట్టుకుని దిగాడు.

"ఏమప్పా, నన్ను క్షమించినావంట?"

"మనస్ఫూర్తిగా, మామా."

"పన్నెండేండ్లుగా ఒక ఓళిగను కడుపులో పెట్టుకోని తిరుగుతాండావా?"

"అది కడుపులో పడింటే ఈ గొడవే లేదు గదా మామా."

నా భార్య ఆ కాగితం లాక్కుని చదివింది. "మా నాయనను క్షమించేకి మీరెవరు? ఈడ నా పేరు గూడా ఉండాదే."

"నీ నకలు చేతికే ఇద్దామనుకుంటి."

సాయంత్రం బస్సుకు తండ్రీకూతుళ్లు వెళ్లిపోయారు. బజారులో మిగిలిన ముద్దాయిలు మా కొట్టు గడప తొక్కడం మానేశారు. నెలకు ఐరోపా నుంచి రెండు వరుసల జవాబు వచ్చింది. బతికున్న మనుషుల అసలు పేర్లు రాస్తే వ్యాసాన్ని పరిశీలించరట. నా ఆరు పేజీలకు రెండే వరుసలు. పన్నెండో పేరు అప్పుడే రాసుకున్నాను.

సొంత వంట రెండు నెలలు తిన్నాక, నాదే తప్పని రాయచోటికి ఉత్తరం రాశాను. నకళ్లు లేకుండా. జవాబు రిజిస్టరు పోస్టులో వచ్చింది: "అల్లుణ్ని మేము క్షమించినాము. అమ్మాయి సోమవారం వస్తుంది." కింద నకళ్ల జాబితా. బజారులో ఒక్కరినీ వదల్లేదు. చిట్టచివర, చిరునామాతో సహా, ఐరోపా సాహిత్య సంస్థ.

ఆ పూటే కొట్లో దీపం ముందు నిలబడి ఒట్టు వేసుకున్నాను. ఈ జన్మలో ఇంకెవరినీ క్షమించను.