మేస్త్రి సంతకం పెట్టిన వాక్యం

లిఫ్టుల పని పోయి ఆరేళ్ళయినా ఆ వీధిలో ఆయన్ని అందరూ లిఫ్టు మేస్త్రి అనే పిలిచేవారు. ఇప్పుడాయన మెట్ల కింద గూడులాంటి గదిలో కూర్చుని మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేస్తాడు. పన్నెండంతస్తుల భవనంలో మోటారు చప్పుడు విని ఏ బేరింగు అరిగిందో చెప్పేసిన మనిషి, ఎవరిదో మిక్సీ జార్ ఒళ్ళో పెట్టుకుని గంటలు గంటలు గడిపేవాడు.

పని పోవడం కన్నా పెద్ద దెబ్బ బావమరిది పోవడం. ఇద్దరూ ఒకే కంపెనీలో చేసేవారు. లిఫ్టు కింది గుంటలోకి దిగి బావమరిది నూనె తుడుస్తుంటే, బ్రేకు పట్టు జారి లిఫ్టు మీదికి వచ్చేసింది. ఆ పొద్దునే మేస్త్రి బ్రేకు చూశాడు. పట్టీ అరిగిపోయింది, లిఫ్టు ఆపేద్దామని ఇన్‌చార్జికి చెప్పాడు కూడా. "ఆదివారం దాకా ఎలాగోలా లాగించు" అన్నాడాయన. ఆ మాట విన్న మూడో మనిషి లేడు.

మూడో రోజు విచారణ. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. జరిగిందంతా నోటితో చెప్పాడు మేస్త్రి. అధికారి ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం ముందు పెట్టి, "బ్రేకు చూస్తే ఇలాంటి ప్రమాదాలు జరగవని రాశాం. నిజమేగా?" అన్నాడు.

"నిజమేనండి."

పనిలో చేరిన రోజు నుంచీ తాను నమ్మిన మాటే అది. సంతకం పెట్టి, వాళ్ళిచ్చిన నకలు ఇంటికి తెచ్చుకున్నాడు. నెల తిరక్కుండా కంపెనీ వెళ్ళిపొమ్మంది. అత్తయ్య ఆయన గడప తొక్కడం మానేసింది. కడుపుకోత, నన్ను చూస్తే కొడుకు కళ్ళలో మెదులుతాడు కాబోలు అని సరిపెట్టుకున్నాడు మేస్త్రి.

మొన్నొక సెలవు రోజున కూతురు ఇల్లంతా వెతికింది. తొమ్మిదో తరగతి. "నాన్నా, ఇంగ్లీషు కాగితాలేమైనా ఉన్నాయా? 'ఇఫ్' ఉన్న వాక్యాలు ఐదు ఏరుకు రమ్మంది టీచరు. మందుల చీటీలో రెండు, ఫ్యాను పెట్టె మీద రెండు దొరికాయి."

మేస్త్రి ట్రంకు పెట్టె అడుగు నుంచి ఆ కాగితం తీసిచ్చాడు. ఇంట్లో ఉన్న పెద్ద ఇంగ్లీషు కాగితం అదొక్కటే. పిల్ల వేలు పెట్టి చదివింది. "ఇఫ్ ఐ హాడ్ చెక్‌డ్ ద బ్రేక్..." చదివి ఆగిపోయింది.

"ఏంటమ్మా?"

"నాన్నా, నువ్వు బ్రేకు చూడలేదా?"

"చూశానే. చూస్తే ప్రమాదం జరగదని రాశారు అందులో."

"అలా లేదు నాన్నా." పిల్ల గొంతు తగ్గింది. "వాన వస్తే తడుస్తాం అంటే, రావచ్చు రాకపోవచ్చు. వాన వచ్చి ఉంటే తడిసేవాళ్ళం అంటే, రాలేదనేగా? 'హాడ్' పెడితే అంతే. నేను బ్రేకు చూసి ఉంటే ప్రమాదం జరిగేది కాదు అని ఉంది ఇందులో. అంటే చూడలేదని. నువ్వే చెప్పినట్టు."

మేస్త్రి కాగితం వెనక్కి తీసుకున్నాడు. అక్షరాలు కూడబలుక్కుంటూ ఆ వాక్యం దగ్గరే చాలాసేపు ఉండిపోయాడు. కూతురు మర్నాడు నాలుగు వాక్యాలతోనే బడికి వెళ్ళింది.

ఆయన కంపెనీకి వెళ్ళాడు. ఇన్‌చార్జి ఎప్పుడో వెళ్ళిపోయాడు. గుమాస్తా కాగితం అటూ ఇటూ తిప్పి, "సంతకం మీదేనా?" అన్నాడు.

"నాదే."

"మరింకేం చేస్తాం మేస్త్రీ."

అక్కడి నుంచి తిన్నగా అత్తయ్య గదికి వెళ్ళాడు. ఆవిడ మంచం మీద కూర్చుని ఉంది. కాగితం చూడగానే గుర్తుపట్టింది.

"దాని నకలు నాకూ పంపారు. పక్కింటాయన చదివిపెట్టాడు. నా కూతురి కాపురం కూలగొట్టడం ఎందుకని దానికి చెప్పలేదు."

ఆరేళ్ళుగా ఆవిడ ఒక్కతే మోసింది దాన్ని.

"నేను బ్రేకు చూశానత్తయ్యా. ఆపేద్దామనీ చెప్పాను. ఈ రాత నాకు తెలీకుండా రాసిందే."

"ఆ రోజే వచ్చి ఈ మాట చెప్పి ఉంటే నమ్మేదాన్ని."

"ఇప్పుడు నమ్మవా?"

ఆవిడ దుప్పటి అంచు మడుస్తూ, విప్పుతూ ఉండిపోయింది. "ఇప్పుడు నమ్మి ఏం చేసుకోను నాయనా? ఇన్నేళ్ళూ నిన్ను తిట్టుకుంటూ బతికాను. అదీ లేకపోతే నాకింకేముంది?"

మేస్త్రి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. లేచి వస్తుంటే అత్తయ్య గుమ్మం దాకా వచ్చి, మెట్లు జాగ్రత్త అంది. ఆరేళ్ళలో ఆయనతో ఆవిడ మంచిగా అన్న మాట అదొక్కటే. ఆ ఏడాది చివర్లో, కూతురింటికి ఒక్కసారైనా రాకుండానే, ఆవిడ పోయింది.