వాగు పొంగితే ఎవరింటికి?

మా చిన్నప్పుడు ఆరో తరగతికి వెళ్లాలంటే వాగు దాటాలి... ఐదు వరకు బడి మా ఊళ్లోనే. ఆపైన చదువంతా అవతలి ఒడ్డున. వంతెన లేదు. ఎండాకాలం ఇసుకలో నడక... వానాకాలం మోకాలి లోతు నీళ్లలో, పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకుని.

బడి తెరిచే ముందు హెడ్మాస్టర్ సారు తల్లిదండ్రులను పిలిచారు. అమ్మతో పాటు నేనూ వెళ్లాను. యూనిఫాం, పుస్తకాల సంగతి రెండు ముక్కల్లో తేల్చేసి అసలు మాటకొచ్చారు.

"వాగొస్తే పిల్లలు ఏ ఒడ్డున ఉంటే ఆ ఒడ్డునే ఉండాలె. అవతల నిలబడి రమ్మని పిలవొద్దు. మీ ఊరి పిల్లలకు ఈ ఊర్లె ఒక్కొక్కరికి ఒక్కో ఇల్లు చెప్పి పెట్టిన. నీళ్లు తగ్గేదాంక ఆడనే ఉంటరు."

అమ్మ భయపడింది. "తెల్వని ఇంట్ల ఆడపిల్లనెట్ల ఉంచుతం సారూ?"

"వాగుల ఉంచుతవా మరి?" అన్నారాయన.

నాకు చెప్పిన ఇల్లు వెంకాయమ్మ గారిది. కోస్తా నుంచి వచ్చి మిరప సాగు చేస్తున్న కుటుంబం. పెద్ద అరుగు, పెంకుటిల్లు. మాదేమో ఆదివారం ప్రార్థనకు పోయే కూలీల ఇల్లు... కూలి లేని రోజుల్లో నాన్న సైకిల్ మీద కోయగూడేలు తిరిగి సత్తుగిన్నెలు అమ్మేవాడు. "మనల్ని లోపలికి రానిస్తరా?" అని దారి పొడుగునా అమ్మకదే దిగులు.

జూలైలో ఒకరోజు పొద్దున్నుంచి ముసురు. మధ్యాహ్నానికి బడి వదిలేశారు గానీ, పైన అడవిలో పడ్డ వాన అప్పటికే దిగొచ్చింది. వాగు ఒడ్డులొరుసుకుని పోతోంది... ఎర్రటి నీళ్లు, వాటిలో కొట్టుకొస్తున్న చెట్ల కొమ్మలు. పిల్లలందరూ వాళ్లకు చెప్పిన ఇళ్లకు వెళ్లిపోయారు.

నా పక్కన కూర్చునే సమ్మక్క మాత్రం తిన్నగా వాగువైపు నడిచింది. మా ఊరి పక్క కోయగూడెం పిల్ల. నేను వెనకాలే పరిగెత్తాను.

"ఏడికే?"

"ఇంటికి. పొద్దుగూకేసరికి ఇంట్ల ఉండాలన్నడు మా అయ్య."

అవతలి ఒడ్డున వాళ్ల నాన్న ముత్తయ్య నిలబడి ఉన్నాడు. కూతురు కనపడగానే రమ్మని చెయ్యి ఊపాడు. తీసుకెళ్లడానికి తనూ నీళ్లలోకి దిగాడు. ఈత బాగా వచ్చినవాడు... ఆ వాగులో పుట్టి పెరిగినవాడు. సమ్మక్క పావడా ఎగ్గట్టింది. నేను దాని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. లాక్కుంటోంది... నేను వదలడం లేదు.

అంతలో మా నాన్న ఎటునుంచి వచ్చాడో, వచ్చి ముత్తయ్య భుజం పట్టుకున్నాడు. ఆయన విదిలించుకున్నాడు. నాన్న మళ్లీ పట్టుకున్నాడు. మా నాన్నకు కోయభాష వచ్చు. ఏదో గట్టిగా చెబుతున్నాడు... వాగు హోరులో మాకు ఒక్క మాటా వినపడలేదు. నాన్న చెయ్యి మాత్రం పదేపదే మా వెనకున్న ఇళ్లవైపు చూపిస్తోంది.

చివరికి ముత్తయ్య ఒడ్డెక్కాడు. తలకు చుట్టుకున్న తువాలు విప్పి ఊపాడు... వెనక్కి పొమ్మని.

"పొమ్మంటుండు..." అంటూ సమ్మక్క ఏడ్చేసింది.

వెంకాయమ్మ గారింటికి ఒకరు రావాల్సిన చోట ఇద్దరం వెళ్లాం. ఆవిడ ఏమీ అడగలేదు. "అయ్యయ్యో, ముద్దయిపోయారే! లోపలికి రండమ్మా" అని తలలు తుడిచి, వాళ్లమ్మాయి పాత లంగాలు కట్టబెట్టింది. వేడన్నం, పప్పు, నెయ్యి. నేను తింటున్నాను... సమ్మక్క ముద్ద ఎత్తడం లేదు.

"మా అయ్య ఇంటికి పోయిండో... మల్ల నీళ్లల్ల దిగిండో."

వెంకాయమ్మ గారు భర్తను పిలిచి గొడుగు చేతికిచ్చింది. ఆయన వాగుదాకా వెళ్లి వచ్చి, "మీ నాన్నలిద్దరూ కలిసి ఊళ్లోకి వెళ్తుంటే నా కళ్లతో చూశానే పిల్లా, ఇక తిను" అన్నాడు. అప్పుడు తింది.

మర్నాటికి నీళ్లు తగ్గాయి. నాన్నలిద్దరూ వచ్చారు. ముత్తయ్య నేరుగా బడికి వెళ్లి సారు ముందు నిలబడ్డాడు.

"ఈ మాట నాకు ముందే చెప్పాలె గద సారూ? నా బిడ్డను నేనే రమ్మని పిలిచిన. వచ్చేదే అది."

"మీటింగుకు నువ్వు రాలేదు గద..."

"మీటింగని ఎవరు చెప్పిండ్రు? నేను పత్తి గింజలు పెట్టనీకి పోయిన."

బడి గోడకు కాగితం అంటించారు, అంతే. గూడెంలో అది చదివేవాళ్లెవరు? ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక నాన్నను వెంటబెట్టుకుని సారే గూడేనికి వెళ్లారు. సారు తెలుగులో చెప్పడం, నాన్న కోయలో చెప్పడం... ఆ తర్వాత ఏటా బడి తెరిచే ముందు అలాగే వెళ్లేవారు. సమ్మక్కకు వేరే ఇల్లు వెతకబోతే వెంకాయమ్మ గారు ఒప్పుకోలేదు. "ఇద్దరూ మా ఇంటికే" అంది.

పదో తరగతి దాకా ఎన్ని వానలు ఆ ఇంట్లో గడిపామో... సమ్మక్క ఇప్పుడు అంగన్‌వాడీ టీచర్. వాగు మీద వంతెన వచ్చింది. వెంకాయమ్మ గారు లేరు.

మొన్న ఖమ్మంలో మా పాప ఆరో తరగతి మీటింగుకు వెళ్లాను. బూట్లు, బస్సు టైము, ఐడీ కార్డు... అన్నీ చక్కగా చెప్పారు. చివర్లో నేను లేచి అడిగాను, "వాన ఎక్కువై బస్సు కదలకపోతే పిల్లలెక్కడ ఉంటారండీ?" అని.

"గ్రూపులో మెసేజ్ పెడతాం మేడం" అన్నారు.

మంచిదే... కానీ ఆ హాలు నిండా తల్లిదండ్రులం కూర్చున్నాం. ఒకరి ఇల్లెక్కడో ఇంకొకరికి తెలియదు...

మిమ్మల్ని చిన్నప్పుడు వాన ఆపేస్తే ఏ ఇంటివాళ్లు తల తుడిచి అన్నం పెట్టారు? వాళ్ల పేరొక్కసారి ఇక్కడ రాయండి...