ప్రిన్సిపాల్ సాబ్ మీద కోడిపుంజు కేసు

పగలంతా కోర్టులో వాదించి సాయంత్రం లా క్లాసులు చెప్పే వకీళ్లం మేం. మమ్మల్ని ఒక గదిలో కూర్చోబెట్టి మాకే పాఠాలు చెప్పించాలని మా ప్రిన్సిపాల్‌కు బుద్ధి పుట్టింది. ఢిల్లీలో క్రిమినల్ ప్రొసీజర్ చట్టాన్ని బాగా సవరించారట, బోధించేవాళ్లందరూ కొత్త పద్ధతి నేర్చుకోవాలట, అందుకని ఉత్తుత్తి కోర్టు పెట్టి ఒక కేసు నడపాలట. అదీ ఆదివారం పూట! మలక్‌పేటలో గుర్రాలు పరుగెత్తే రోజున! ఆస్తిచట్టం చెప్పే ఆయన నోటీసు చదివి తల పట్టుకున్నాడు.

నోటీసులో రాయని కారణం ఇంకొకటుంది, ప్రిన్సిపాల్ అల్లుడు. మద్రాసులో చదివి, మెడకు టై బిగించుకుని, మా దగ్గర కొత్తగా చేరాడు. ఆ అల్లుడుగారికి క్రిమినల్ ప్రొసీజర్ క్లాసు కట్టబెట్టాలి. ఆ క్లాసేమో నా గురువుగారిది. అందరూ పెద్ద వకీల్ సాబ్ అనేవాళ్లు. నిజాం కాలంలో నాకు చట్టమంతా ఉర్దూలో నేర్పింది ఆయనే. పాఠం మధ్యలో ఆయన గొంతు లేస్తే వీధిలో టాంగా గుర్రం చెవులు నిక్కబొడిచేది. ఆయనకు ఇంగ్లీషు చట్టం కొరుకుడు పడదని అందరి ముందూ తేల్చేస్తే క్లాసు లాక్కోవడం సులువు. నాకు ఒళ్లు మండిపోయింది.

సవరించిన చట్టం సంపాదించి ఆయన ఇంటికి పరుగెత్తాను.

"నేను చదివి చెప్త సాబ్, మీరు ఫికర్ చేయకుండ్రి."

"నువ్వు? నాకు చెప్తవా?" అని గురకాయించి చూశారు. తర్వాత గొంతు తగ్గించారు. "కోర్టుల అంతా ఇంగ్లీషు అయిపాయె. ఆడ నా నోరు మూతపడ్డది. గీ క్లాసు గూడ పోతే ఇగ ఎవల ముంగట మాట్లాడాలెరా? ఇంట్ల కోడలు ముంగటనా?"

నవ్వబోయాను కాని ఆయన ముఖం చూసి నోరు మూసుకున్నాను. పుస్తకం అక్కడ పెట్టి చాయ్ తాగి పొమ్మన్నారు. ఆయన దాన్ని తెరుస్తారో, దిండు కింద పెట్టుకుని పడుకుంటారో తెలియక ఆ వారమంతా నాకు తిన్నది ఒంటబట్టలేదు.

ఆదివారం రానే వచ్చింది. కేసు ఏమిటంటే కోడిపుంజు దొంగతనం. తప్పులు బాగా బయటపడాలని కాబోలు, మేజిస్ట్రేటు కుర్చీ పెద్ద వకీల్ సాబ్‌కే ఇచ్చారు ప్రిన్సిపాల్. ప్రాసిక్యూటర్ అల్లుడుగారు. మేజిస్ట్రేటు పక్కన కూర్చుని రాసే పేష్కార్ వేషం నాది. అంతా కుదిరింది కాని ముల్జిమ్‌గా, అంటే నిందితుడిగా, నిలబడడానికి ఒక్కడూ ఒప్పుకోలేదు! ఉత్తుత్తి కేసైనా సరే, దొంగ అనిపించుకోవడం వకీళ్లకు నామోషీ. ఒకాయన ఇంట్లో పెళ్లి పెట్టుకున్నామన్నాడు. ఇంకొకాయన బామ్మర్దికి తెలిస్తే ఊరంతా టముకు వేస్తాడన్నాడు.

"థూ! గింత భయమా? నేనే నిలబడ్త!" అంటూ ప్రిన్సిపాల్ షేర్వానీ సవరించుకుని బోనుకు బదులు పెట్టిన చెక్క పెట్టె ఎక్కారు.

విచారణ మొదలైంది. అల్లుడుగారు సాక్షులను ఇంగ్లీషులో దంచి కొడుతున్నారు. మా గురువుగారు కళ్లు మూసుకుని కూర్చున్నారు. నిద్రేమోనని బల్ల కింద కాలితో తట్టాను. తిరిగి నా కాలే తొక్కారు.

సాక్షులు అయిపోగానే కళ్లు తెరిచి, "ముల్జిమ్ సాబ్, మీ తరఫున మీరే ఒట్టేసి గవాహి ఇస్తరా?" అన్నారు.

గది గోలెత్తిపోయింది. "తోబా! తోబా! ముల్జిమ్‌కు ఒట్టా?" అని అందరూ లేచారు. ముల్జిమ్‌కు ఒట్టు పెట్టకూడదు, సాక్షిబోనులోకి పిలవకూడదు అని జీవితమంతా మేం నేర్చుకున్నాం, నేర్పాం. అయిపోయింది, ముసలాయన క్లాసు పోయినట్టేననుకున్నాను. అందరికంటే పెద్దగా అరిచింది అల్లుడుగారు.

"ఈ మాత్రం తెలియకుండా పాఠం ఎలా చెబుతున్నారండీ? నిందితుడికి ప్రమాణం ఎవరైనా చేయిస్తారా?"

ప్రిన్సిపాల్ మీసాల కింద నవ్వుకున్నారు.

"పేష్కార్, కొత్త చట్టం తీయి. మూడు వందల నలభై రెండు, పక్కన ఏ. జోరుగ చదువు," అన్నారు మా గురువుగారు.

చదివాను. ముల్జిమ్ ఇకమీదట తన తరఫున ఒట్టు మీద సాక్ష్యం చెప్పవచ్చు, కాని తనే కోరి రాసివ్వాలి అని ఉంది. అల్లుడుగారు టై వదులు చేసుకున్నాడు. ఓహో, నా సామిరంగా! లేచి గంతులేయాలనిపించింది.

అల్లుడి పరువు కాపాడాలనో, వేషం మీద మోజో, ప్రిన్సిపాల్ కాగితం అడిగి కోరిక రాసి దస్తఖత్ చేశారు. దేవుడి మీద ఒట్టు వేశారు. ఆయనకు దేవుడంటే నిజంగానే భయం.

"కోడిపుంజును పట్టుకపోయినరా?" అని అడిగారు మా గురువుగారు.

"లేదు."

"మంచిది. నా క్లాసు మీ అల్లునికియ్యాలని ఎప్పుడు అనుకున్నరు? ఇయ్యాల నన్ను చూసినంకనా, ముందుగాలనేనా?"

"అబ్జెక్షన్! దానికీ కోడికీ ఏమిటండీ సంబంధం?" అని అల్లుడు గెంతాడు.

"సాక్షిని జడ్జి ఏమన్న అడగొచ్చు బాబూ. కూసో."

ప్రిన్సిపాల్ మా గురువుగారి వైపూ చూడలేదు, అల్లుడి వైపూ చూడలేదు, నేలచూపులు చూశారు. ఒట్టు వేయకపోతే ఏదో ఒకటి చెప్పి దాటేసేవారే.

"ముందుగాలనే," అన్నారు చివరికి.

పెద్ద వకీల్ సాబ్ పెదవులు వణికాయి. ఆ వణుకు చూసి నాకు సిరాబుడ్డి ఎత్తి ఎవరి మీదనైనా విసరాలన్నంత కోపం వచ్చింది. ఆయన మాత్రం గొంతు సవరించుకుని తీర్పు చెప్పారు.

"కోడిపుంజు కేసుల మీరు బేకసూర్. ఇడిసిపెట్టిన. రెండో దాని మీద, గా క్లాసు ముచ్చట మీద, మేం చార్జి రాయలే. రాయని చార్జికి సజా ఇయ్యొద్దు. గది పాత చట్టంల ఉండె, కొత్త దాంట్ల గూడ ఉన్నది. దిగుండ్రి సాబ్."

ప్రిన్సిపాల్ దిగలేదు. టోపీ తీసి చేతిలో పట్టుకుని ఆ పెట్టె మీదే నిలబడ్డారు. నా వైపు తిరిగారు.

"పేష్కార్, ఆ చార్జి గూడ రాయి," అన్నారు. "కింద, ముల్జిమ్ ఒప్పుకున్నడని రాయి."