చోక్‌కి గంధం పూసిన పాపానికి

నవ్వుకోవాలనుకునేవాళ్లు ఇప్పుడే తీరిగ్గా కూర్చోండి. దీని చివర నా సొరపందిరీ, నా పరువూ రెండూ ఒకే దెబ్బకి పోతాయి. మీకు నవ్వొస్తుంది, తెలుసు. నాకు మాత్రం చెబుతుంటేనే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎవరి మీద అని అడక్కండి. లిస్టు పెద్దది, అందులో మొదటి పేరు నాదే.

డాలస్‌కి ఉత్తరాన ఇండియన్ స్టోర్లూ అపార్ట్‌మెంట్లూ అన్నీ అయిపోయాక, ఇక ఏమీ లేదు అనుకున్న చోట మా ఇల్లుంటుంది. చుట్టూ స్థలం, వెనకాల ఎత్తైన మట్టిగట్టు, దాని ముందు నా కూరగాయల మడి. అంత దూరం ఎందుకొచ్చి పడ్డామంటే నాటుకోళ్ల కోసం. స్టోర్లో అమ్మే తెల్ల కోడిని పులుసు పెడితే దూది ఉడకేసినట్టుంటుందని, కోసుకు తిందామనే పెంచడం మొదలుపెట్టాను. పేర్లు పెట్టాక కత్తి ఆడలేదు, అది వేరే సంగతి.

నాకు చేతకాని ఆ పని కొయోటీ చేసింది. కొయోటీ అంటే మన నక్కకి అమెరికాలో స్థిరపడ్డ పెదనాన్న కొడుకు. ముదనష్టపుది, తెల్లారుతుండగా మట్టిగట్టు దిగి, సొరపందిరి పక్కనుంచి దర్జాగా నడిచొచ్చి ఒక్కో కోడినీ ఎత్తుకుపోయింది. ఆఖరికి మా పుంజుని, ఆ ఠీవికి నేను కలెక్టరుగారని పేరు పెట్టుకున్నవాణ్ని, ఈకలు కూడా మిగల్చకుండా తీసుకుపోయింది. ఇక మిగిలింది తాయారు అనే పెట్ట, దాని కింద పొదుగులో ఉన్న గుడ్లు. కలెక్టరుగారి వంశమంతా ఆ గుడ్లలోనే ఉంది. అవి పోతే ఇక ఏమీ లేదు.

"కంచె వేద్దాం. నేలలోకి తవ్వి జాలీ దింపి, పైన కరెంటు తీగ లాగితే చాలు," అన్నాడు మా ఆయన.

"అంటే అది బయట దర్జాగా తిరుగుతుంటే నేను కంచె వెనకాల దాక్కోవాలా?"

"దాక్కోవాల్సింది కోళ్లు, నువ్వు కాదు."

ఇలాంటి సమాధానాలకే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. సిటిజన్‌షిప్ రాగానే అందరూ పాస్‌పోర్ట్‌కి అప్లై చేస్తారు. నేను షాట్‌గన్ కొన్నాను. ఆఫీసులో నాతో పనిచేసే గిరి నన్ను అక్కా అని పిలుస్తాడు. కరీంనగర్ పిల్లాడు, ఇక్కడికొచ్చి వేట నేర్చాడు. షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లి నాకు కాల్చడం నేర్పింది అతనే.

తుపాకితో పాటు చిన్న డబ్బాలో ఐదు ఉక్కు గొట్టాలొచ్చాయి. వాటిని చోక్‌లంటారు. తుపాకి మూతి లోపల ఒకటి బిగించాలి. మొక్కలకి నీళ్లు పట్టేటప్పుడు పైపు చివర వేలు అడ్డంపెట్టి ధార సన్నం చేస్తామే, అదే పని ఇవి చేస్తాయి. బిగుతు చోక్ పెడితే సీసపు గుళ్లన్నీ గుత్తిగా దూరం పోతాయి. వదులుది పెడితే గడప దాటగానే చెదిరిపోతాయి. ఐదూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. అంచు మీద కోసిన గంట్లే తేడా. ఒక గంటు ఉంటే అన్నిటికంటే బిగుతు, ఐదుంటే అన్నిటికంటే వదులు. ఇంతే శాస్త్రం. దీనికి మా ఆయన నెలంతా చదివాడు.

"మధ్యరకం మాడిఫైడ్ చోక్ కూడా కన్సిడర్ చేయాలి," అన్నాడు భోజనాల దగ్గర. "ఫోరంలో ఒకాయన టర్కీ కోళ్ల వేటకి వాడే చోక్ అంటున్నాడు. ఇంకొకాయన అది వద్దంటున్నాడు."

"మీరు కన్సిడర్ చేసేలోపు అది తాయారుని కూడా ఫలహారం చేస్తుంది! పిల్ల పెళ్లిసంబంధానికి కూడా ఇంత వెతకలేదు మీరు!"

"అది సొంతంగా చేసుకుంది కదే, నాకు వెతికే ఛాన్స్ ఎక్కడిది?"

లేచి వెళ్లి గిరికి ఫోన్ చేసి, వరండానుంచి సొరపందిరికి ఎంత దూరమో చెప్పాను.

"నలభై గజాలంటే ఫుల్ చోక్ అక్కా, ఒక గంటు ఉన్నది," అన్నాడు. "టర్కీది పెట్టకు, మస్తు టైట్ ఉంటది. పెద్ద గుళ్లు అందులకెళ్లి పోతే ఒత్తుకుని అడ్డదిడ్డం అయితయి. గని ఒక్క మాట. జర ముందుగాల పెద్ద పేపర్ పెట్టి దాని మీద కొట్టి చూడు. నీ గన్‌కి ఏ చోక్ పడతదో ఆ పేపరే చెప్తది."

"కోళ్లని తింటున్నది పేపరా, కొయోటీయా?"

"అట్ల కాదక్కా..."

పెట్టేశాను. అందరూ నాకు చెప్పేవాళ్లే! ఒక్కరూ నా కోడి గురించి ఆలోచించేవాళ్లు లేరు. అప్పుడు నిజంగానే అలా అనుకున్నాను, నా తెలివి మండ.

ఈలోగా మహర్నవమి వచ్చింది. ఆయుధపూజ మా ఇంట్లో ఏటా ఉంటుంది. కత్తిపీట, కారు తాళాలు, మా ఆయన లాప్‌టాప్, అన్నిటికీ బొట్లు పడతాయి. ఇన్నేళ్లకి ఇంట్లోకి నిజమైన ఆయుధం వచ్చింది, ఊరికే వదులుతానా? ఖాళీ తుపాకిని పీట మీద పడుకోబెట్టాను. మూతిలో ఉన్న చోక్ కూడా విప్పి, ఐదింటినీ ఇత్తడి పళ్లెంలో నిలబెట్టి, ముద్దగా గంధం పూసి, అంచుల మీద కుంకుమ అద్దాను. పక్కన మా ఆయన హారతి గంట పట్టుకుని నిలబడి వంగి చూశాడు.

"గంట్లలోకి గంధం పోతోంది. రేపు ఏది ఏదో ఎలా తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది. మీరు గంట కొట్టండి."

కొట్టాడు.

మర్నాడు తెల్లవారుతుండగా కాఫీ పెడుతూ కిటికీలోంచి చూస్తే, సొరపందిరి పక్కన కొయోటీ. కూర్చుని ఉంది! తాయారు గూటివంకే చూస్తూ, ఎవరో పిలిచి ఆకేస్తారన్నట్టు కూర్చుంది. కాఫీ పొంగింది. నేనూ పొంగాను. పూజ గదిలోకి పరిగెత్తి తుపాకి అందుకున్నాను. గంధం ఎండి గట్టిపడింది. అలికిడికి మా ఆయన లేచొచ్చాడు.

"ఆగు, ఆ చోక్‌లు తుడిచి చూడు."

"ఉద్వాసన చెప్పకుండా తుడుస్తారా? అపచారం!"

"తుడిస్తే అపచారమా? కాలిస్తే కాదా?"

"మీ లాజిక్కులు ఆఫీసులో చెప్పుకోండి!" అని అరిచి, అంచుల మీద వేలితో తడిమాను. ఒక గొట్టానికి ఒకే ఒక్క గంటు తగిలింది. ఇదే ఫుల్ చోక్ అని బిగించాను. తూటా పెట్టి వెనక వరండాలోకి వచ్చాను. వెనకాల మట్టిగట్టు అడ్డం ఉంది, దారిలో మనిషి లేడు. గిరి నేర్పినట్టే ఊపిరి బిగబట్టాను. కలెక్టరుగారిని తలుచుకున్నాను. కాల్చాను.

దీపావళి సామానంతా ఒకేసారి అంటుకున్నట్టు మోత. పొగ తేలిపోయాక చూస్తే కొయోటీ కూర్చున్నచోటే కూర్చుని ఉంది. దానికి కుడివైపు నేల లేచిపోయింది, ఎడమవైపు సొరపందిరి లేచిపోయింది. నెలలు పెంచిన సొరకాయలన్నీ జల్లెడలై వేలాడుతూ నీళ్లు కారుస్తున్నాయి. దాని ఒంటి మీద మాత్రం ఒక్క గుండు పడలేదు. తీరిగ్గా లేచి, దులుపుకుని, ఒకసారి నావైపు చూసి గట్టెక్కి వెళ్లిపోయింది. ఆ చూపు మాత్రం నేను చచ్చేదాకా మర్చిపోను.

"ఫుల్ చోకేనా?" అన్నాడు మా ఆయన నెమ్మదిగా.

"నోరు మూసుకోండి."

అప్పుడు వినపడింది గూట్లోంచి గోల. వెళ్లి చూస్తే గంపలో గుడ్లున్నాయి, తాయారు లేదు. ఆ మోతకి ఎగిరి గూడు కప్పెక్కి కూర్చుని వణికిపోతోంది. కిందికి దించి గంపలో పెడితే మళ్లీ ఎగిరింది. మళ్లీ పెడితే నన్ను పొడిచింది. చేతికింద గుడ్లు చల్లబడుతున్నాయి. కొయోటీ చేయలేని పని నేను ఒక్క తూటాతో చేశాను. అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను. కోపంతోనే ఏడ్చాను, కానీ ఏడ్చాను.

మా ఆయన లోపలికి వెళ్లి తన నడుంనొప్పికి వాడే హీటింగ్ ప్యాడ్ తెచ్చి ప్లగ్‌లో పెట్టాడు.

విషయం తెలిసి సాయంత్రానికి గిరి వచ్చాడు. నేను ఉద్వాసన చెప్పాక చోక్ విప్పి బొటనవేలితో గంధం గీకాడు. ఒక గంటు. ఇంకా గీకాడు. రెండు, మూడు... ఐదూ బయటపడ్డాయి.

"అక్కా," అన్నాడు నవ్వు బిగబట్టుకుని, "గిది సిలిండర్ చోక్. గింత కూడా బిగుతు లేదు. దీంతోని అంత దూరం కొడితే నువ్వు కొయోటీకి అక్షింతలేసినట్టే."

పాపం ఆపుకోలేకపోయాడు. మా ఆయనా ఆపుకోలేకపోయాడు. గోడపట్టుకుని నవ్వుతున్న ఆ ఇద్దరినీ చూస్తే నాకెంత మండిందో చెప్పలేను. చేతిలో గుడ్లున్నాయి కాబట్టి బతికిపోయారు.

ఆ రోజునుంచి నేనే పెట్టనయ్యాను. గెస్ట్ బాత్రూంలో తువ్వాళ్ల మధ్య గంప, కింద ప్యాడ్, పక్కన గిన్నెలో నీళ్లు, స్టూలు మీద నేను. ఆఫీసు మీటింగ్‌లన్నీ అక్కడే, కెమెరా ఆఫ్. మాటిమాటికీ గుడ్లు తిప్పడం, వేడి చూడటం. "కరెంట్ దండగ. ప్యాడ్ తీసేయ్. వాటి పక్కన కూర్చుని నన్ను తిడుతుండు, ఆ వేడికి పిల్లలు ముందే లేస్తాయి," అన్నాడు మా ఆయన తలుపులోంచి. చేతిలో ఉన్నది గుడ్డు కాబట్టి విసరలేదు. నేను అలా బాత్రూంలో కూర్చుని ఉండగానే వాళ్లిద్దరూ బయట కంచె వేశారు. నేలలోకి జాలీ, పైన కరెంటు తీగ, మొదటిరోజు ఆయన చెప్పినట్టే. ఒక్క మాట కూడా అనకుండా వేశాడు. అదే నాకింకా మంట.

కలెక్టరుగారి పిల్లలు లేచాయి. అన్నీ కాదు, చాలానే. కళ్లు తెరవగానే చూసింది నన్నే కాబట్టి నేనే తల్లిని. ఎక్కడికెళ్తే అక్కడికి కిచకిచమంటూ వెనకాలే వస్తాయి. తాయారు నన్నూ వాటినీ మార్చి మార్చి చూసి పక్కకి తిరుగుతుంది.

ఒక పొద్దున వరండాలో కూర్చున్నాను. ఒళ్లో పిల్లలు ముడుచుకుని పడుకున్నాయి. కంచె అవతల మట్టిగట్టు మీద కొయోటీ వచ్చి కూర్చుంది. అదే కొయోటీ, అదే చూపు. నరనరం లేచింది. తుపాకి లోపలుంది, తేవాలంటే లేవాలి. కనీసం తిడదామని నోరు తెరిచాను. ఒళ్లో ఒక పిల్ల ఉలిక్కిపడింది. నోరు మూసుకున్నాను. పెళ్లయినప్పటినుంచీ గొంతు తగ్గించి ఎరగనిదాన్ని, దాని ఏడు తరాలనీ గుసగుసగా తిట్టాను. తర్వాత అంతే గుసగుసగా, కుడిచేయి పైకెత్తి, కలెక్టరుగారి సాక్షిగా ఒట్టేశాను: గంధం తుడవకుండా చోక్ ముట్టను, గంట్లు లెక్కపెట్టకుండా బిగించను, పేపర్ మీద కాల్చి చూడకుండా ఏ ప్రాణి మీదా గురిపెట్టను, కంచె గురించి ఎవరైనా చెబితే వింటాను.

"ఏంటీ?" అన్నాడు మా ఆయన వంటింట్లోంచి. "ఆ చివరిది ఇంకోసారి గట్టిగా చెప్పు, వినపడలేదు."

"అరవకండి," అన్నాను. "పిల్లలు లేస్తాయి."