సూర్ పాయలో ఇసుక దిబ్బ

అరబ్బు దేశంలో మేం కూలి పనికి పోయిన ఊరు ఇబ్రా. అక్కడ మా సైట్‌కు సామాను తెచ్చే లారీ ఒక శుక్రవారం ఖాళీగా సూర్‌కు వెళ్తుంటే నేనూ బావా ఎక్కి కూర్చున్నాం. డెబ్బైలలో ఆ దారి దారే కాదు, అంతా రాళ్లూ దుమ్మూ. అయినా సముద్రాన్ని దగ్గర్నుంచి చూడాలని నాకు ఒకటే ఆత్రం. కరీంనగర్ జిల్లా వాళ్లం, మాకు నీళ్లంటే వాగూ చెరువే. మా అక్క మొగుడైన బావకూ అంతకు మించి తెలియదు, కానీ ఆయన ఒప్పుకునే రకం కాదు.

సూర్ పాతకాలపు ఓడల ఊరు. తెల్లటి ఇళ్లు, చెక్కడాల తలుపులు, ఒడ్డున సగం కట్టి వదిలిన చెక్క ఓడలు. వాటికి పూసిన చేపనూనె వాసనకు నేను ముక్కు మూసుకున్నాను. ఎదుటి ఒడ్డు మీద కాపలా బురుజులు ఉన్నాయి. వాటికీ ఊరికీ నడుమ సముద్రపు పాయ. మేం వెళ్లేసరికి అందులో మోకాలి లోతు నీళ్లు కూడా లేవు. ప్యాంట్లు మడిచి దాటాం, బురుజుల చుట్టూ తిరిగాం.

తిరిగి వస్తూ పాయ నడుమ ఇసుక దిబ్బ మీద కూర్చుని తెచ్చుకున్న రొట్టెలు తిన్నాం. రొట్టెలు చుట్టిన కాగితం నీళ్లలో పడేస్తే అది సముద్రం వైపు పోలేదు. ఊరి వెనక్కి, లోపలికి పోయింది.

"బావా, నీళ్లు ఉల్టా పోతున్నయేందే?"

"ఎక్కడనో వాన పడ్డట్టుంది. వాగొస్తే దిబ్బ దిగొద్దురా. నిలబడితే అదే తగ్గుతది."

మా ఊళ్లో అందరూ చేసేది అదే. వాగు పొంగితే ఎత్తు చూసుకుని నిలబడతారు, తొందరపడి దిగినవాడే కొట్టుకుపోతాడు. అందుకని నేనూ నిలబడ్డాను.

ఊరి ఒడ్డున ఒక ముసలి అరబ్బు మా వైపు చేతులూపుతూ అరవసాగాడు. గాలికి మాట అందలేదు.

"ఆడోళ్లున్న దిక్కు తిరిగినమని కోపానికొచ్చిండు. అటు సూడకు," అన్నాడు బావ.

సైట్‌లో అరబ్బు అరిచాడంటే ఎవరికో మూడినట్టే. నేను తల దించుకున్నాను. ముసలాయన అరిచి అరిచి వెళ్లిపోయాడు.

పాదాలు మునిగాయి. తర్వాత మోకాళ్లు. ఇప్పుడు దిగుదామన్నా రెండు పక్కలా నీళ్లు నల్లగా, వేగంగా పోతున్నాయి. ఇద్దరికీ ఈత రాదు. "తగ్గుతది" అంటాడు బావ, నేను నమ్ముతాను, నీళ్లు ఇంకాస్త పెరుగుతాయి. నడుము దాటాక సిగ్గు లేకుండా ఏడ్చాను. దేవుళ్ల పేర్లు కూడా గుర్తుకు రాలేదు.

అప్పుడు బావ "తగ్గుతదిరా" అంటూనే వంగి నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నాడు. ఇరవై ఏళ్లవాణ్ని. అసలు భయం నాకు అక్కడ మొదలైంది. తగ్గేదైతే నన్ను ఎత్తుకోవడం దేనికి? ఆయన తల రెండు చేతులతో పట్టుకుని కళ్లు మూసుకున్నాను. నా కాళ్లకు చల్లగా నీళ్లు తగులుతూనే ఉన్నాయి.

కళ్లు తెరిచేసరికి ఆ ముసలాయనే చిన్న పడవ వేసుకుని వస్తున్నాడు. వెళ్లింది పడవ కోసమన్నమాట! ముందు నన్ను లాగాడు, తర్వాత బావను. నీళ్లు అప్పటికి బావ గడ్డం దాకా వచ్చాయి. ఒకప్పుడు బొంబాయికి ఓడల మీద తిరిగినవాడట, హిందీలో కడుపునిండా తిట్టాడు. బావ వాన మాట ఎత్తితే, ఇది సముద్రపు పోటు, రోజూ వస్తుంది, రోజూ పోతుంది, వానతో దీనికి పనేమిటని అడిగాడు. వెనక్కి చూస్తే దిబ్బ ఎక్కడుండేదో కూడా తెలియలేదు.

ఒడ్డున బావ ఇసుకలో కూర్చుని చొక్కా విప్పాడు.

"తగ్గదని నీకెప్పుడు తెలిసింది బావా?"

ఆయన తడిసిన చొక్కా పిండి భుజం మీద వేసుకున్నాడు.

"మోకాళ్ల కాడనే. కాళ్ల కింద ఇసుక జారుతుండె. చెప్తే బుగులుకు నువ్వు నీళ్లల్ల దునుకుతవని తగ్గుతది, తగ్గుతది అన్న."