మస్తాన్‌ఖానీ

తంగెళ్ళమూడిలో తివాచీ మగ్గాలున్న ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉండేది. కొత్త తివాచీకి మొదటి ముడి వేసేముందు డిజైను పేరు పైకి చెప్పాలి. గళ్ళ కాగితం చూసి రంగులు చదివేవాడు ఆ పేరు అంటాడు. మగ్గం ముందు బల్ల మీద వరసగా కూర్చున్నవాళ్ళు అందుకుని మళ్ళీ అంటారు. ఆ తరవాతే చేతులు కదులుతాయి. ఆ పేర్లన్నీ ‘ఖానీ’ అని ముగిసేవి. ఒక డిజైను మొట్టమొదట ఎవరి ఉన్నితో మగ్గమెక్కితే వారి పేరు ముందు, ఖానీ వెనక. జమీందార్ల పేర్లుండేవి, ఉద్యోగస్తుల పేర్లుండేవి, షావుకార్ల పేర్లుండేవి. నేసినవాడి పేరు ఒక్కదానికీ లేదు.

అక్కడి నేతగాడు హిదాయతుల్లా తండ్రి మస్తాన్ సాహెబు గీసిన డిజైనుకి బంగార్రాజుఖానీ అని పేరు. బంగార్రాజు గణపవరం దగ్గర పెద్ద రైతు. తివాచీ కావాలని కబురు పెట్టి, ఒకే ఒక్క మూట తెల్లఉన్ని పంపించాడు. మిగతా రంగులన్నీ మస్తాన్ సొంత ఉన్నితోనే నేశాడు. అయినా ఆ మూట చాలింది. ఆ డిజైను ఇరవై ఏళ్ళపాటు ఏలూరు మగ్గాలన్నిటి మీదా ఆ రైతు పేరుతోనే తిరిగింది.

ఒకసారి ఏదో పని మీద గణపవరం వెళ్ళిన హిదాయతుల్లా ఆ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. బంగార్రాజు పోయాడు. కొడుకు సత్తిరాజు అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. తివాచీ వాకిట్లోనే ఉంది. దాని మీద మినుములు ఎండుతున్నాయి.

“మా నాన్నగారి పేరు మీద తివాచీ డిజైను ఉందాండీ? ఆయనకే తెలీదనుకుంటానండీ ఆ మాట,” అని సత్తిరాజు నవ్వాడు. “కానీ గట్టి సరుకండీ. దీని మీద పోస్తే మినుములు ఇట్టే ఎండుతాయి.”

హిదాయతుల్లా ఇంటికొచ్చి ఆ సంగతి తండ్రికి చెప్పలేదు.

మస్తాన్ 1929లో పోయాడు. పోయేనాటికి ఆయన పరుపు కింద ఒక గళ్ళ కాగితం ఉంది. అది ఆయన చివరి డిజైను. కోడలు మహబూబ్ బీది కొల్లేటి గట్టు మీద ఊరు. పెళ్ళిచూపులకి పడవలో వెళ్ళినప్పుడు మస్తాన్ చూసిందే ఆ కాగితం మీద ఉంది. పడవ అలికిడికి గూడకొంగ ఒకటి నీళ్ళ మీంచి లేచింది. అది లేచిన చోట వలయాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ విచ్చుకున్నాయి. పిట్టని గీయడం ఆయనకి ఇష్టం లేదు. “పిట్ట బొమ్మ మనకొద్దురా. లేచిపోయిన చోటు గీసుకుంటే ఎవరేమంటారు?” అన్నాడు కొడుకుతో. కాగితం నిండా నీలం వలయాలే. మధ్యలో ఖాళీ.

ఆ డిజైనుని మస్తాన్‌ఖానీ అనిపించాలని హిదాయతుల్లా నిశ్చయించుకున్నాడు. అంతకు మించి ఆయన బతుకులో కోరుకున్నది లేదు. పద్ధతి ఆయనకి తెలుసు. ఉన్ని పూర్తిగా తమ ఇంటిదే కావాలి, పరాయి పోగు ఒక్కటి కలవకూడదు. కలవకపోతే కాదనే హక్కు ఎవరికీ లేదు.

వారంలో ఆరు రోజులూ, ఇంగ్లీషు సీమకి తివాచీలు పంపే కంపెనీకి నేసేవాడు. శుక్రవారం మగ్గాలకి సెలవు. ఆ రోజు నమాజు అయ్యాక ఇంట్లో ఉన్న చిన్న మగ్గం ముందు కూర్చునేవాడు. మహబూబ్ బీ పక్కనే కూర్చుని కాగితం చదివేది. “రెండు నీలం, ఒకటి తెలుపు, మళ్ళీ నీలం... ఏవండీ, మా ఊళ్ళో నీళ్ళు ఇంత నీలం ఎక్కడండీ? బురదే కదా.”

“మా నాన్న కళ్ళకి నీలంగానే కనపడ్డాయి. నువ్వు చదువు.”

అలా అయిదేళ్ళ శుక్రవారాలు గడిచాయి. బియ్యం తక్కువై మగ్గం మీద కూర్చోవడానికి ఓపిక లేని శుక్రవారాలు కూడా వాటిలో ఉన్నాయి. సీమలో తివాచీలు కొనేవాళ్ళు తగ్గారని కంపెనీ ఆ ఏళ్ళల్లో సగం మగ్గాలు ఆపేసింది.

ఇంకా నాలుగు వేళ్ళ వెడల్పు నేత మిగిలి ఉండగా నీలం అయిపోయింది. ఆ నీలిమందు అద్దకం వేసిన ముసలాయన పోయాడు. ఆయన కొడుకులు డబ్బారంగులు వాడుతున్నారు. వాళ్ళ దగ్గర మూడుసార్లు వేయించి చూశాడు. మూడుసార్లూ పాత నీలం పక్కన కొత్తది వెలవెలబోయింది. ఆ పాత నీలానికి దీటైనది కంపెనీ ఉన్ని ఒక్కటే.

మహబూబ్ బీ పెరట్లోంచి ఒక తలగడ తెచ్చి కుట్లు విప్పింది. సాయంత్రం కంపెనీ మగ్గాల కింద ఊడ్చిన తుక్కు ఉన్ని అది. అడుగున పడ్డ ముక్కల్ని ఆడవాళ్ళు ఇంటికి తెచ్చుకుని తలగడల్లో కూరుకోవడం ఎప్పట్నించో ఉన్నదే. వాటిని ఏ కంపెనీవాడూ అడగలేదు.

“ఇది మనదేనండీ. నేను ఊడ్చుకొచ్చిందే,” అంది.

హిదాయతుల్లా రెండు శుక్రవారాలు ఆ తలగడ వంక చూస్తూ కూర్చున్నాడు. మూడో శుక్రవారం నీలం ముక్కల్ని ఏరి, ముడికి అందేంత పొడుగున్నవి పక్కన పెట్టుకుని నేత పూర్తి చేశాడు.

కొత్త డిజైను పేరు ఎక్కేది కంపెనీ డిజైన్ల బుక్కులో, దాన్ని చూసేది హనుమంతరావు. మెత్తని మనిషి. ఎవర్నీ నువ్వనడు. హిదాయతుల్లా బల్ల మీద పరిచిన తివాచీని ఆయన చాలాసేపు చూశాడు. అరచెయ్యి పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకి నిమిరాడు. నాలుగు వేళ్ళ మేర దగ్గర చెయ్యి ఆగింది.

“పని చాలా బాగుందండీ సాయిబు గారూ. కానీ ఈ నీలం మాదండీ.”

“తుక్కులోదండీ. అడుగున ఊడ్చింది.”

“తుక్కు మీదేనండీ, నేను కాదనడం లేదు. తలగడలో ఉన్నంతసేపూ మీదే. మగ్గమెక్కితే ఉన్నే కదండీ మరి.” ఆయన గొంతులో కోపం లేదు. “మీ పెద్దవాళ్ళు పెట్టుకున్న పద్ధతే ఇది. నేను పెట్టింది కాదు.”

హిదాయతుల్లాకి గణపవరం అరుగూ, మినుములూ కళ్ళముందు కదిలాయి. ఒక్క మూట తెల్లఉన్నికి పేరు వదులుకున్న తండ్రి కొడుకు, పిడికెడు నీలం గురించి ఏమని వాదిస్తాడు? తండ్రి అప్పుడు నోరెత్తలేదు. ఇప్పుడు తను ఎత్తితే ఆయన ఊరుకున్నది తప్పనట్టు అవుతుంది.

“అయితే మీ పేరు పెట్టుకోండి,” అన్నాడు చివరికి. “హనుమంతరావుఖానీ అని రాసుకోండి. ఏదో ఒక మనిషి పేరుంటుంది.”

హనుమంతరావు నొచ్చుకున్నట్టు తల దించాడు. “ఆ రోజులు పోయాయండీ. ఖానీలు ఇప్పుడు రాయడం లేదు. సీమలో వాళ్ళకి నోరు తిరగదుట. నెంబరు వేసి, ఎదురుగా ఒక బ్రాండు పేరు పెట్టమని ఉత్తరం వచ్చింది.” సొరుగులోంచి టైపు కొట్టిన కాగితం తీశాడు. “సుల్తాన్, మహరాణీ అయిపోయాయి. ప్యాలెస్ కూడా ఇచ్చేశాం. లోటస్ ఒకటి ఖాళీగా ఉంది.”

“బ్రాండంటే ఏంటండీ?”

“కొన్నవాడు మళ్ళీ అలాంటిదే అడగాలంటే చెప్పే పేరండీ.”

“చేసినవాడి పేరు చెప్పి అడగొచ్చు కదండీ.”

“చేసినవాడితో వాళ్ళకేం పనండీ?” అన్నాడు హనుమంతరావు. అని, అన్నందుకు బాధపడి, మళ్ళీ తివాచీ వైపు చూశాడు. “లోటస్ అంటే తామర. చిన్న మాట, ఎవరైనా పలకగలరు.”

“ఇందులో తామర లేదండీ.”

“ఈ గుండ్రాలు ఆకుల్లా ఉన్నాయి కదండీ. కొల్లేరే కదా.”

నాలుగు వందల పదిహేడు, లోటస్ అని బుక్కులో రాశాడు. ఎవరు గీశారని రాయడానికి అందులో గడి లేదు. తివాచీని శాంపిలు కోసం ఉంచుకున్నారు. పెద్దది పంపితే ఖర్చెక్కువని, నడిమి వలయాలున్న చోట మూరెడు ముక్క కత్తిరించి సీమకి పంపారని తరవాత ఎవరో చెప్పారు. హిదాయతుల్లా గోడౌనుకి వెళ్ళి మిగిలినది చూడలేదు.

ఆరు నెలలకి ఆర్డరు వచ్చింది. లోటస్ నాలుగు. ఆపేసిన మగ్గం మళ్ళీ ఎక్కించారు. ఇంట్లో రెండు పూటలా పొయ్యి వెలిగింది. మహబూబ్ బీ మాత్రం కొత్త తలగడ కుట్టలేదు. తుక్కు ఊడ్చి అక్కడే గోడ వారన వదిలేసి వచ్చేది.

మొదటి రోజు కాగితం చదవడానికి హిదాయతుల్లానే కూర్చోబెట్టారు. బల్ల మీద నలుగురు దారాలు పట్టుకుని పేరు కోసం చూస్తున్నారు. ఆయన కాగితం ఒళ్ళో పరుచుకున్నాడు. మస్తాన్‌ఖానీ అంటే వాళ్ళూ అనేవాళ్ళే. నలుగురూ కలిసి అంటే ఒక్కసారి ఆ గోడల మధ్య వినపడేది. కానీ ఆ నాలుగు వేళ్ళ నీలం ఆయనకి తెలుసు.

“లోటస్,” అన్నాడు.

“లోటస్,” అన్నారు నలుగురూ. చేతులు కదిలాయి.

వారం పోయాక ఆ నలుగురిలో ఒకడు, ఆయన చెల్లెలి మొగుడు గౌస్, నేత ఒక జానెడు పైకి లేచాక, వెనక్కి వంగి తల పక్కకి పెట్టి చూశాడు. “బావగారూ, లోటస్ అంటే తామరట కదా. ఎక్కడుందండీ ఇందులో? ఎంత చూసినా నాకు ఆనడం లేదు.”

పక్కవాళ్ళూ చేతులాపి వెతికారు. ఒకడు ఈ గుండ్రం అన్నాడు, ఇంకొకడు కాదు ఆ మూల అన్నాడు. ఇక్కడో పిట్ట ఉండేదనీ, లేచిపోయిందనీ ఒక్క మాట చెబితే సరిపోయేది. హిదాయతుల్లా కాగితం మీదకి వంగాడు.

“ఉంటుందిలే,” అన్నాడు. “రెండు నీలం, ఒకటి తెలుపు, మళ్ళీ నీలం.”